బండి మోయాల్సింది, మనిషి మోయాల్సింది

మౌంటెన్ బైకు తొక్కేవాళ్ల వీపు మీద ఒకప్పుడు సంచి తప్పనిసరి. నీళ్ల తిత్తి, పంపు, రెండు ట్యూబులు, పానాల కట్ట, వాన కోటు, తిండి అన్నీ అందులోకే పోయేవి. ఇప్పుడు కొండ బాటల్లో చూస్తే చాలా వీపులు ఖాళీగా కనిపిస్తాయి. అలాగని సామాను తగ్గిందేమీ లేదు. ఫ్రేము మీదికీ, ఫ్రేము లోపలికీ, హ్యాండిల్ గొట్టం చివర్లలోకీ, ఆఖరికి ఫోర్కు మెడ గొట్టంలోకీ చేరింది. ఈ మార్పులో రేసుల ప్రభావం కొంత, కంపెనీల వ్యాపారం కొంత, నిజమైన సుఖం కొంత ఉన్నాయి. నా పక్షం ముందే చెప్పేస్తాను: బండిని బాగుచేసే వస్తువు బండి మీద ఉండాలి, మనిషిని కాపాడే వస్తువు మనిషి ఒంటి మీద ఉండాలి. ఈ గీత గీసుకుంటే సగం తగాదాలు తెగిపోతాయి. తెగని వాటి దగ్గరే ఎక్కువసేపు ఆగాలి.

ఫ్రేము మధ్యనున్న ముక్కోణపు ఖాళీని వాడుకోవడం నిన్న మొన్నటి ఆలోచన కాదు. 1897 జూన్‌లో అమెరికా సైన్యం 25వ పదాతి దళానికి చెందిన 20 మంది నల్లజాతి సైనికులు, లెఫ్టినెంట్ జేమ్స్ మాస్ నాయకత్వంలో, మోంటానాలోని ఫోర్ట్ మిసూలా నుంచి సెయింట్ లూయిస్‌కు సైకిళ్ల మీద బయల్దేరారు. దాదాపు 3,000 కిలోమీటర్ల దూరం, 41 రోజుల ప్రయాణం. చాలాచోట్ల అది దారి అనడానికి కూడా వీల్లేని బురద, ఇసుక. దుప్పటి చుట్టలు హ్యాండిల్‌కు కట్టుకున్నారు. ఫ్రేము ముక్కోణంలో ఇమిడేలా గట్టి తోలుపెట్టె బిగించుకున్నారు. ఇవాళ బైక్‌ప్యాకింగ్ పేరుతో దుకాణాల్లో వేలాడుతున్న ఫ్రేము సంచికి అది ముత్తాత.

ఆ తర్వాత కథ అడ్డం తిరిగింది. 1930ల్లో ష్విన్ కంపెనీ తన సైకిళ్ల పై గొట్టాల మధ్య మోటారు సైకిల్ పెట్రోలు ట్యాంకును పోలిన రేకు డబ్బా తగిలించి అమ్మింది. హారను బ్యాటరీల్లాంటివి అందులో ఉండేవి. 1970ల్లో కాలిఫోర్నియా మారిన్ కౌంటీ కుర్రాళ్లు అవే పాత ష్విన్‌లను కొండెక్కించే ముందు చేసిన మొదటి పని ఆ డబ్బాలనూ మడ్‌గార్డులనూ ఊడబీకడం. 1976 అక్టోబరు 21న ఫెయిర్‌ఫాక్స్ దగ్గర రీప్యాక్ పందెం మొదలైనప్పుడు వాళ్లకు కావలసింది తేలికైన, విరగని బండి. ఒక్క దిగుడుకే వెనక హబ్బులోని గ్రీజు మాడి పొగలొచ్చేది. దాన్ని ఇంటికెళ్లి నింపుకునేవారు. అంటే ఫ్రేము మీది గూడును పీకి పారేయడంతోనే మౌంటెన్ బైకింగ్ మొదలైంది. ఆ గూడును మళ్లీ, ఈసారి కార్బన్‌లో, వెనక్కి తేవడానికి నలభై ఏళ్లు పట్టింది.

మధ్యలో రాజ్యమేలింది వీపు సంచి. 1988లో టెక్సాస్ రాష్ట్రం విచిటా ఫాల్స్‌లో ఎండల్లో జరిగే వంద మైళ్ల సవారీలో మైకేల్ ఐడ్‌సన్ అనే అంబులెన్స్ ఉద్యోగి సెలైన్ సంచిలో నీళ్లు నింపి, దాన్ని మేజోడులో దోపి, వీపుకు తగిలించుకుని, గొట్టం భుజం మీదుగా నోటికి తెచ్చుకున్నాడు. మరుసటి ఏడాది క్యామెల్‌బ్యాక్ కంపెనీ పుట్టింది. నీళ్ల కోసం వచ్చిన సంచికి పక్కన అరలు కుట్టారు, అరలున్నాక పానాలు చేరాయి, జాగా మిగిలిందని రెండో ట్యూబూ చేరింది. సంచి ఎంత పెద్దదైతే సామాను అంత పెరుగుతుందని ఊరికెళ్లే ప్రతి కుటుంబానికీ తెలుసు.

ఆ సంచిని దించిన ఘనత చాలావరకు ఎండ్యూరో పందేలది. 2013 మేలో ఇటలీలోని పుంటా ఆలాలో ఎండ్యూరో వరల్డ్ సిరీస్ తొలి రౌండు జరిగింది. రోజంతా కొండెక్కాలి, కాలం లెక్కించేది మాత్రం దిగుళ్లలోనే. దారిలో చెడితే చాలావరకు ఎవరి బండి వాళ్లే బాగుచేసుకోవాలి. సామాను తప్పదు, కానీ దిగేటప్పుడు వీపు మీద ఏదీ కదలకూడదు. రేసర్లు ట్యూబును ఎలక్ట్రికల్ టేపుతో ఫ్రేముకు చుట్టేశారు. పంపును నీళ్ల సీసా పెట్టే కేజీ పక్కన బిగించారు. వారాంతపు సవారీలవాళ్లు ఆ ఫొటోలు చూశారు. మిగతాది ఫ్యాషన్ చూసుకుంది.

ఫ్యాషన్ అన్నంత మాత్రాన తీసిపారేయలేం. రెండు లీటర్ల నీళ్లు, పనిముట్లు, సంచి బరువు కలిస్తే దాదాపు నాలుగు కిలోలు. అది భుజాల ఎత్తున ఉంటుంది. నిటారు దిగుడులో సంచి ముందుకు జారి హెల్మెట్ వెనక తగులుతుంది, మలుపులో శరీరం ఒకవైపు వాలితే సంచి క్షణం ఆలస్యంగా వాలుతుంది. ట్యూబు, పంపు, పానాలు కలిపి ముప్పావు కిలో దాకా ఉంటాయి. వాటిని బాటమ్ బ్రాకెట్ దగ్గర, అంటే పెడళ్ల ఇరుసుకు దగ్గరలో కడితే బండి తూకంలో తేడా దాదాపు తెలియదు. పద్నాలుగు కిలోల బండిని ఎగరేసేటప్పుడు ఆ ముప్పావు కిలో తెలుస్తుందనేవాళ్లున్నారు. అంత సున్నితంగా తొక్కేవాళ్లను నేను గౌరవిస్తాను, వాళ్లు నీళ్ల సీసా కూడా ఇంట్లో పెట్టి వస్తే ఇంకా గౌరవిస్తాను. ఇక మే నెలలో అనంతగిరి కొండల్లో తొక్కేవాళ్లకు తూకం లెక్కలు అక్కర్లేదు. వీపుకు గాలి తగలడమే చాలు.

పడినప్పటి సంగతి వేరు. వీపు మీద పడ్డప్పుడు సంచిలోని పంపు గానీ ఇనప పనిముట్టు గానీ వెన్నెముక దగ్గర ఉండటం మంచిది కాదు. దీనికి ఎదురు వాదన ఉంది: మ్యూనిక్‌కు చెందిన ఎవోక్ లాంటి కంపెనీలు వెన్ను కాపాడే పలక ఉన్న సంచులు చేస్తాయి, వాటిలో సంచే కవచం. నిజమే. అయితే అలాంటి సంచి కొన్నవాళ్లు కూడా గట్టి వస్తువులను పలక వెనక ఎక్కడో మూలన కాకుండా చేతికందే పై అరలో పెట్టుకుంటే కవచం దారి కవచానిది, పానా దారి పానాది.

పాత పద్ధతి సీటు కింది చిన్న సంచి. రోడ్డు సైకిల్‌కు ఇప్పటికీ దాన్ని మించింది లేదు. మౌంటెన్ బైకులో దాన్ని దెబ్బతీసింది డ్రాపర్ సీటు పోస్టు. 2010లో రాక్‌షాక్స్ రివర్బ్ వచ్చాక మీట నొక్కితే దిగే సీటు మామూలైపోయింది. సీటు పదిహేను, ఇరవై సెంటీమీటర్లు దిగినప్పుడు, అదే సమయంలో వెనక సస్పెన్షన్ పూర్తిగా కుదించుకుంటే, 29 అంగుళాల టైరు నేరుగా వచ్చి సంచిని రాస్తుంది. చిరిగిన సంచిలోంచి పనిముట్లు దారి పొడుగునా రాలతాయి. పైగా సంచి పట్టీని నున్నటి పోస్టు గొట్టానికి చుట్టితే దుమ్ము రుద్దుకుని సీలు పాడవుతుంది. వెనక సస్పెన్షన్ లేని హార్డ్‌టెయిల్ మీద, సీటు కిందికి దించని వాళ్లకు మాత్రం ఇది ఇప్పటికీ చవకైన, మంచి ఏర్పాటు. ఫుల్ సస్పెన్షన్ బండి ఉన్నవాళ్లు షాకబ్జర్‌లో గాలి పూర్తిగా వదిలేసి, సీటు దించి, బండిని అణిచి చూడాలి. టైరుకూ సంచికీ మధ్య రెండు వేళ్ల సందు కూడా లేకపోతే ఆ సంచి ఆశ వదులుకోవాలి.

అక్కణ్నుంచి చాలామంది వచ్చే చోటు పట్టీ. మోంటానాలోని బోజ్‌మన్‌లో బ్యాక్‌కంట్రీ రీసెర్చ్ అనే చిన్న కంపెనీ ట్యూబు, టైరులో గాలి నింపే గ్యాసు డబ్బీ, టైరు లీవర్లను కలిపి ఫ్రేముకు బిగించే వెల్క్రో పట్టీలు చేస్తుంది. మాస్ సైనికులు బయల్దేరిన రాష్ట్రం కూడా అదే కావడం కేవలం కాకతాళీయం. సాల్ట్ లేక్ సిటీకి చెందిన వోలే కంపెనీ మంచు మీద స్కీలు కట్టడానికి చేసిన సాగే పట్టీలను సైకిల్ వాళ్లు ఎత్తుకొచ్చేశారు. మన ఊళ్లలో పాత ట్యూబును పొడుగ్గా చీరి క్యారేజీకి బస్తా కట్టే పద్ధతి తరాలుగా ఉంది. ఇంట్లో చేసుకునే పట్టీకి అంతకన్నా మంచి సరుకు దొరకదు. అయితే ఎండకు పగుళ్లిస్తుంది కాబట్టి ఏడాదికోసారి కొత్తది కోసుకోవాలి. టేపు మాత్రం వద్దంటాను. మన ఎండకు జిగురు కరిగి ఫ్రేముకు అంటుకుంటుంది. ఒకసారి విప్పితే మళ్లీ పనికిరాదు.

పట్టీ కట్టడం చూడటానికి తేలిక. చాలా ట్యూబులు కట్టిన చోటే చస్తాయి. మడత మూలలు ఫ్రేముకు రాసుకుంటూ, మధ్యలో చేరిన ఇసుక ఉప్పుకాగితంలా పనిచేస్తూ, కొన్ని నెలల్లో రబ్బరును కోసేస్తుంది. అడవిలో టైరు పంక్చరై ఆ ట్యూబు విప్పి గాలి కొడితే నాలుగు చోట్ల నుంచి బుస్సుమంటుంది. దీనికి విరుగుడు ఉంది. కొత్త ట్యూబులోని గాలంతా పోయేలా వాల్వుకు ఎదురు చివర నుంచి గట్టిగా చుట్టుకుంటూ రావాలి. వాల్వు కొసకు టోపీ ఉంచాలి, దాని లోహపు నట్టు తీసేసి వేరే పెట్టుకోవాలి, లేకపోతే అదే ట్యూబును కొరుకుతుంది. చుట్టిన ట్యూబుకు కొంచెం టాల్కం పౌడరు అద్ది, పల్చని ప్లాస్టిక్ పొర రెండు చుట్లు చుట్టి, దాని మీద పాత ట్యూబు ముక్కో మందపాటి గుడ్డో తొడగాలి. వాల్వు వైపు ఫ్రేముకు తగలకుండా బయటికి ఉండేలా పెట్టాలి. ఫ్రేము మీద పట్టీ కూర్చునే చోట పారదర్శక రక్షణ ఫిల్ము అంటించాలి, లేదంటే పెయింటు పై పూత పోతుంది.

ఏ చోట కట్టాలన్నదీ ముఖ్యమే. పై గొట్టమూ సీటు గొట్టమూ కలిసే మూల కింద కట్టడం అన్నిటికన్నా శుభ్రం. ముందు చక్రం విసిరే బురద అక్కడిదాకా రాదు. హ్యాండిల్ దగ్గర నుంచి పెడళ్ల ఇరుసు దాకా దిగే డౌన్ ట్యూబు కింది భాగం తూకానికి బాగుంటుంది కానీ రాళ్లూ నీళ్లూ అక్కడికే ఎగిరొస్తాయి. చవక ఫ్రేముల మీద గేరు కేబుల్ గొట్టం బయటే పోతుంది. పట్టీ దాన్ని నొక్కితే గేర్లు ఎగుడుదిగుడుగా పడతాయి, చాలామంది అది గేర్లు మార్చే డీరైలర్ జబ్బనుకుని స్క్రూలు తిప్పుతూ కూర్చుంటారు. పట్టీ వదులు చేస్తే జబ్బు నయమవుతుంది.

ఏం కట్టాలన్నది తేలకుండా ఎక్కడ కట్టాలో తేలదు. తెలుగు నేల మీద తొక్కేవాళ్ల సమస్య అమెరికా కొండలవాళ్ల సమస్యకు ఒక విషయంలో దగ్గర చుట్టం. పశ్చిమ అమెరికాలో గోట్‌హెడ్ అని శాపనార్థాలు తినే ముల్లు మన పల్లేరు కాయే. రెండూ ఒకే జాతి మొక్క. మనకు అదనంగా సర్కారు తుమ్మ ఉంది. మన దేశంలో దాన్ని 1877లో కడప జిల్లా కమలాపురంలో నాటించారు. వంట చెరకు కోసం తెచ్చిన ఆ మెక్సికో వైపు చెట్టు చెరువు గట్లు, బీళ్లు, బాటల అంచులన్నీ ఆక్రమించింది. దాని ముల్లు టైరులోకి దిగి లోపలే విరుగుతుంది.

ఇక్కడ ట్యూబులెస్ టైరు, లోపల సీలెంట్ ద్రవం లేకుండా తొక్కడం అనవసరపు కష్టం. 29 అంగుళాల టైరులో వంద మిల్లీలీటర్ల చొప్పున పోస్తే ముల్లు పోట్లను అది మూసుకుంటూ పోతుంది. దాని అసలు తిరకాసు మాత్రం ట్యూబు వేయాల్సి వచ్చినప్పుడు బయటపడుతుంది. ఒక పెద్ద కోత పడి సీలెంట్ ఆపలేకపోయింది, టైరు తీసి ట్యూబు పెట్టారు అనుకుందాం. ఆ టైరు లోపలివైపు అప్పటిదాకా సీలెంట్ మూసిన ముళ్లన్నీ కొసలు బయటపెట్టి ఎదురుచూస్తుంటాయి. కొత్త ట్యూబుకు గాలి కొట్టగానే అవన్నీ ఒకేసారి దిగుతాయి. కాబట్టి ముల్లుసీమలో ట్యూబు ఒక్కటే పెట్టుకెళ్లడం సగం ఏర్పాటే. చిన్న పట్టకారు గానీ ముక్కు ప్లయరు గానీ ఉండాలి. టైరు లోపల గుడ్డముక్కతో, చెయ్యి గుచ్చుకోకుండా, అంగుళం అంగుళం తడిమి ముళ్లు లాగాలి. మార్కెట్లో దొరికే మల్టీటూళ్లలో చాలావాటికి ఈ పట్టకారు ఉండదు. అవి ముళ్లు లేని దేశాల్లో తయారైనట్టుంటాయి.

అందుకే ఇక్కడ మొదటి వరస వైద్యం ప్లగ్గు. సూదిలాంటి పనిముట్టుకు జిగురు తాడు ముక్క ఎక్కించి రంధ్రంలోకి గుచ్చి లాగితే తాడు అక్కడే ఉండిపోతుంది, టైరు తీయక్కర్లేదు. అసలు షరతు వేగం. గాలి పూర్తిగా దిగితే టైరు అంచు రిమ్మును వదిలేస్తుంది, దాన్ని చేతి పంపుతో మళ్లీ కూర్చోబెట్టడం గగనం. బుస్సుమన్న శబ్దం విన్న వెంటనే దిగి, రంధ్రం మీద వేలు పెట్టి, రెండో చేత్తో ప్లగ్గు అందుకోవాలి. అది సంచి అడుగున, వాన కోటు కింద ఉంటే ఆ వేలు అక్కడే ఉంచి సంచి విప్పలేరు. పనిముట్లన్నిటిలో చోటు గురించి పట్టుబట్టాల్సింది దీని కోసమే. హ్యాండిల్ గొట్టం చివర దీనికి అన్నిటికన్నా మంచి చోటు. మినెసోటాకు చెందిన వుల్ఫ్ టూత్ కంపెనీ ఒకవైపు చివరలో ప్లగ్గూ చైను విప్పే పనిముట్టూ, రెండోవైపు చివరలో ఎలెన్ బిట్లూ దాచే ఏర్పాటు చేసింది. అంత ఖర్చు వద్దనుకుంటే రబ్బరు పిడి చివర మూత తీసి చిన్న ప్లగ్గు సూది దూర్చుకునే చవక రకాలున్నాయి. ఒకటే జాగ్రత్త: పడినప్పుడు ముందు నేల తగిలేది హ్యాండిల్ చివరే, మూత బిగువుగా ఉందో లేదో చూసుకోవాలి.

ప్లగ్గు తర్వాత గాలి. 29 అంగుళాల, 2.4 అంగుళాల వెడల్పున్న టైరులో దాదాపు ఆరు లీటర్ల ఖాళీ ఉంటుంది. 24 పీఎస్‌ఐకి తేవాలంటే బయటి గాలి పది లీటర్లు లోపలికి నెట్టాలి. వంద సీసీల పంపుతో లెక్క ప్రకారం వంద దెబ్బలు, చేతి పంపు పూర్తి దెబ్బ ఎప్పుడూ పడదు కాబట్టి అంతకన్నా ఎక్కువే. 16 గ్రాముల కార్బన్ డయాక్సైడ్ డబ్బీ ఆ టైరును 20 పీఎస్‌ఐ దగ్గరకు తెస్తుంది, 25 గ్రాములది 30 దాటిస్తుంది. డబ్బీ వేగంగా పనిచేస్తుంది, ఒక్కసారికే. కొన్ని సీలెంట్లు ఆ చల్లటి గ్యాసుకు గడ్డ కడతాయి, గ్యాసు కూడా రబ్బరులోంచి తొందరగా కారిపోతుంది. విమానంలో డబ్బీలు తీసుకెళ్లడం కూడా పేచీయే. నా ఓటు పంపుకే. నీళ్ల సీసా కేజీ పక్కన క్లిప్పులో బిగించేది చాలు, కానీ నోటికి మూత లేని పంపు అక్కడ దుమ్ము మింగి, అవసరమైన రోజున దగ్గుతుంది.

ఇప్పుడు ఫ్రేము లోపలి గూడు. 2015లో స్పెషలైజ్డ్ కంపెనీ తన స్టంప్‌జంపర్ కార్బన్ ఫ్రేములో, డౌన్ ట్యూబు మీద సీసా కేజీ కింద చిన్న తలుపు పెట్టింది. నీళ్లు, గాలి, పనిముట్లు అన్నీ బండి మీదే ఉండాలన్న తమ స్వాట్ ఏర్పాటులో అది భాగం. అప్పట్లో చాలామంది నవ్వారు. 2019లో ట్రెక్, 2022లో శాంటా క్రూజ్ అలాంటి తలుపులే పెట్టాయి. ఇప్పుడు ఖరీదైన బండికి తలుపు లేకపోతే అమ్మకం కష్టమన్నంత దాకా వచ్చింది.

డౌన్ ట్యూబు ఫ్రేములో అతి ఎక్కువ బరువు భరించే గొట్టం. దాన్ని కోసి తలుపు పెడితే అంచుల చుట్టూ బలం పెంచాలి. కార్బన్‌లో అదనపు పొరలు అక్కడికక్కడే పేర్చవచ్చు కాబట్టి మొదట కార్బన్‌లోనే వచ్చింది. అల్యూమినియం గొట్టానికి అదే పని చేయడం ఇంకా కష్టం, అందుకే ఆ ఫ్రేముల్లోకి ఆలస్యంగా వచ్చింది. డౌన్ ట్యూబు నిండా బ్యాటరీ పట్టే ఎలక్ట్రిక్ బైకుల్లో ఈ గూటికి చోటు దొరకడమే కష్టం. వాడుకలో చూస్తే వస్తువులు విడివిడిగా వేస్తే లోపల గలగలలాడతాయి, కాబట్టి మెత్తటి గుడ్డ సంచిలో చుట్టి తోయాలి. ఆ సంచి బిగుతుగా ఉంటే బయటికి లాగడానికి తోక కట్టుకోవాలి. నీళ్లు పోసి కడిగితే మూత సందుల్లోంచి కొంచెం దిగుతాయి, పానాలకు తుప్పు పడుతుంది. వీటన్నిటి తర్వాత కూడా గూడు బాగుంటుందని ఒప్పుకుంటాను: ట్యూబు ఎండకూ రాపిడికీ దొరకదు, దొంగకూ దొరకదు. ఉన్న బండిలో ఉంటే అదృష్టం. తలుపు కోసం బండి మార్చాలనిపించినప్పుడు మాత్రం, ఒక పట్టీ ధర పక్కన రాసుకుని ఆలోచించడం మంచిది.

కెనడాలోని స్క్వామిష్‌కు చెందిన వన్‌అప్ కంపెనీ ఇంకో దారి తొక్కింది. ఫోర్కు మెడ గొట్టం బోలుగా ఉంటుంది, లోపల స్టార్ నట్టు ఒక్కటే. దాన్ని తీసేసి గొట్టం లోపల మరలు కోసి మల్టీటూలు దించే ఏర్పాటు చేసింది. మరలు కోయడం అల్యూమినియం గొట్టానికే, కార్బన్ గొట్టానికి పనికిరాదు. తర్వాత మరలు కోయకుండా కుదిరే రకాలూ వచ్చాయి. హెల్మెట్ తీసే లోపల పనిముట్టు చేతిలోకి వస్తుంది, తొక్కుతూ ఉండగా చప్పుడుండదు. వాన, చెమట లోపలికి దిగుతాయి కాబట్టి నెలకోసారి నూనె గుడ్డతో తుడవకపోతే ఎలెన్ కీలు కీళ్ల నొప్పుల ముసలివాళ్లలా బిగుసుకుంటాయి. క్రాంకు ఇరుసు బోలులో అయస్కాంతంతో పట్టి ఉండే పనిముట్లూ ఉన్నాయి. చమత్కారమే, కానీ బురద ముందు చేరే చోటు అదే.

ఇక రోజుల తరబడి తిరిగేవాళ్లకు ఫ్రేము సంచి. కెనడాలోని బాన్ఫ్ నుంచి మెక్సికో సరిహద్దు దాకా 4,000 కిలోమీటర్లకు పైగా సాగే టూర్ డివైడ్ పందెం 2008 నుంచి నడుస్తోంది. దాంతోపాటే అలాస్కాలో పుట్టిన రెవలేట్ లాంటి కంపెనీలు ఈ సంచిని ప్రపంచమంతా తిప్పాయి. మనాలి, లేహ్ దారి తొక్కే తెలుగు వాళ్లు కూడా ఇదే వాడుతున్నారు. అయితే ఒక పూట సవారీకి ఇది ఎక్కువ. ఫుల్ సస్పెన్షన్ ఫ్రేములో షాకబ్జర్ ముక్కోణాన్ని సగం తినేస్తుంది. పొట్టివాళ్ల సైజు ఫ్రేముల్లో అయితే సీసాకే చోటుండదు. ఈ ఏర్పాట్లన్నిటినీ పెద్ద సైజు ఫ్రేము మీద చూపించి పొగుడుతుంటారు, చిన్న ఫ్రేము కొనేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు, షాపులోనే సీసా పెట్టి చూసి కొనాలి.

గీత అన్నాను కదా, అది తడబడే చోటు నీళ్లు. నీళ్లు మనిషి కోసమే, కానీ అన్నిటికన్నా బరువైనవి కాబట్టి బండికే అప్పగించాలనిపిస్తుంది. చల్లటి ఉదయం రెండు గంటలకు ఒక సీసా చాలు. మన వేసవిలో చాలదు. పైగా గేదెలు నడిచిన బాటలో ముందు చక్రం సీసా మూతి మీద ఏం చల్లుతుందో చెప్పక్కర్లేదు, మూతి మీద టోపీ ఉన్న సీసాయే కొనాలి. రెండు లీటర్లకు మించి కావాలంటే వీపు సంచి తిరిగి రావాల్సిందే. అందులో నీళ్లు మాత్రం ఉంటే అది పల్చగా, మెత్తగా ఉంటుంది. నడుముకు కట్టే తిత్తి మధ్యేమార్గం, లీటరున్నర దాటితే కిందికి జారుతుంది.

ఫోను, ప్రథమ చికిత్స కట్టు, ఈల, మందులు వాడేవాళ్లకు ఆ మందులు, ఇంటివాళ్ల నంబరు రాసిన చీటీ మాత్రం ఒంటి మీదే ఉండాలి. పడ్డప్పుడు మనిషి ఒకవైపు, బండి ఒకవైపు పోతాయి. లోయలోకి జారిన బండి హ్యాండిల్‌కు బిగించిన ఫోను ఎవరికీ పనికిరాదు. కట్టు గుడ్డ ఫ్రేము గూట్లో ఉంటే కాలు విరిగినవాడు పాకుతూ వెళ్లి తలుపు తీసుకోవాలి. ఎవరి సౌకర్యం ఎలా ఉన్నా ఈ జాబితాలో నేను బేరం ఆడను.

చివరగా చిన్న వస్తువులు, ఎందుకంటే బండి ఆగేది ఎక్కువగా వాటి దగ్గరే. మీ చైను ఎన్ని స్పీడుదో దానికి సరిపోయే క్విక్ లింకు రెండు జతలు, ఒక అదనపు వాల్వు కోరు, నాలుగు జిప్ టైలు, పంపు చుట్టూ రెండు చుట్లు గట్టి టేపు, టైరు పక్కగోడ చిరిగితే లోపల పెట్టడానికి పాత టైరు ముక్క. ఇవన్నీ కలిపినా అరచేతిలో పడతాయి. తేలికని టీపీయూ ట్యూబు కొనేవాళ్లు దానికి మామూలు సొల్యూషన్, ప్యాచ్ అంటవని గుర్తుపెట్టుకోవాలి, పంక్చరు షాపు మనిషి ఎంత నేర్పరి అయినా చేతులెత్తేస్తాడు.

అన్నిటికన్నా ముఖ్యమైంది డీరైలర్ హ్యాంగరు, గేరు యంత్రాన్ని ఫ్రేముకు పట్టి ఉంచే మెత్తటి లోహపు ముక్క. రాయికి తగిలితే ఫ్రేము బదులు అది వంగాలి, విరగాలి. నిన్నటిదాకా ప్రతి మోడల్‌కూ వేరే ఆకారం, విరిగితే ఊళ్లో దొరకదు. 2019లో స్రామ్ కంపెనీ యూడీహెచ్ పేరుతో అందరికీ ఒకటే ఆకారం ప్రతిపాదించింది, కంపెనీలు ఒకదాని వెంట ఒకటి ఒప్పుకున్నాయి. పాత ఫ్రేమున్నవాళ్లు తమ మోడల్ హ్యాంగరు ముందే తెప్పించి ట్యూబు చుట్టలో కట్టుకోవాలి.

హ్యాంగరు విషయంలో కుదిరిన ఒప్పందం సామాను విషయంలోనూ కుదరొచ్చు. సీసా కేజీకి రెండు బోల్టుల మధ్య దూరం 64 మిల్లీమీటర్లని ప్రపంచమంతా ఎప్పుడో ఒప్పుకుంది. పై గొట్టం కింద అదే దూరంలో ఇంకో రెండు బోల్టు రంధ్రాలు పెడితే ట్యూబు పలక, పనిముట్ల పలక నేరుగా బిగుస్తాయి, పట్టీ జారదు, పెయింటు పోదు, కేబుల్ నలగదు. ఖరీదైన ఫ్రేముల్లో ఇవి ఇప్పటికే వస్తున్నాయి. గొట్టానికి తలుపు కోయడంతో పోలిస్తే వీటి ఖర్చు నామమాత్రం. మన దేశంలో ఎక్కువగా అమ్ముడుపోయే అల్యూమినియం హార్డ్‌టెయిళ్ల మీద ఇవి పెట్టకపోవడానికి ఇంజినీరింగు కారణమేమీ నాకు కనపడదు. కొత్త బండి చూడటానికి వెళ్లినవాళ్లు గేర్లు ఎన్నని అడిగినట్టే ఈ బోల్టులు ఉన్నాయా అని అడగడం మొదలుపెడితే, వచ్చే ఏడాది మోడళ్లలో అవి ఉంటాయి.